బిళ్ళగన్నేరు కూడా కెమికలే

తెలుగు టీవీ, యూట్యూబ్ చానెళ్ళలో ఆరోగ్య కార్యక్రమాలు నడుపుతున్న నిర్వాహకులకు,



నేను క్యాన్సర్ ఆసుపత్రిలో కీమో మందులు కలిపి పంపే ఫార్మసిస్టును. మీ కార్యక్రమాలు పనిగట్టుకుని చూసే తీరిక నాకుండదు. అలాగని తప్పించుకునే వీలూ లేదు. కౌంటరు దగ్గర చీటీ ఇచ్చి నిలబడ్డవాళ్ళు ఫోను నా ముందు పెట్టి, "మేడమ్, ఈయన చెప్పేది నిజమేనా? ఆకు పసరుతో తగ్గిపోతుందంట గదా, మరి ఈ కెమికల్ ఎందుకు ఎక్కించుకోవడం?" అని అడుగుతుంటారు. వాళ్ళ వెనక లైను పెరుగుతూ ఉంటుంది. రెండు ముక్కల్లో చెప్పగలిగింది అక్కడ చెబుతాను. మిగిలింది మీకు రాస్తున్నాను. ఆ ప్రశ్న పుట్టింది మీ దగ్గరే కదా.

మీరంతా ఒకే తీరు అనడం లేదు. అనుభవమున్న డాక్టర్లను కూర్చోబెట్టి ఓపిగ్గా అడిగేవాళ్ళూ మీలో ఉన్నారు. ఈ ఉత్తరం వాళ్ళకు కాదు. తెరకు ఒక పక్క పచ్చటి ఆకు, ఇంకో పక్క పుర్రె గుర్తు వేసిన సెలైన్ సీసా పెట్టి, "ప్రకృతా? కెమికలా? మీరే తేల్చుకోండి" అని థంబ్‌నెయిల్ వేసేవాళ్ళకు. ఆ రెంటి మధ్య మీరు గీసిన గీత తప్పు చోట పడింది. ఆ సీసాలో ఉన్న మందు చాలాసార్లు ఆ ఆకులోంచి వచ్చిందే.

మీరు తరచుగా చూపించే బిళ్ళగన్నేరు సంగతే తీసుకుందాం. గోడ పగుల్లో మొలుస్తుంది, ఎర్రటెండలో పూస్తుంది, మేకలు మూతి పెట్టవు. దాని పుట్టిల్లు మడగాస్కర్. షుగరుకు మంచిదని మన దగ్గరే కాదు, కరీబియన్ దీవుల్లోనూ ఆకు కాచుకుని తాగేవాళ్ళు. 1952లో జమైకా నుంచి ఒక కవరులో 25 ఆకులు కెనడాలోని క్లార్క్ నోబుల్ అనే డాక్టరుకు వచ్చాయి. ఆయన వాటిని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న తన సోదరుడు రాబర్ట్ నోబుల్‌కు పంపాడు. ఆకు రసం ఎలుకలకు నోటి ద్వారా ఇస్తే షుగరు తగ్గలేదు. సూదితో ఎక్కిస్తే ఎలుకలు ఇన్ఫెక్షన్లు సోకి చచ్చిపోయాయి. రక్తం చూస్తే తెల్లకణాలు అడుగంటాయి, ఎముక మూలుగ ఖాళీ అయిపోయింది. షుగరు మందు కోసం వెతికేవాళ్ళు ఇక్కడితో ఆ ఆకుల్ని అవతల పారేయాలి. తెల్లకణాలను ఇంతగా పడగొట్టేది, అవే కణాలు అదుపు తప్పి పెరిగే ల్యుకీమియాలో పనికిరాదా అని నోబుల్, ఆయనతో పనిచేసిన చార్లెస్ బీర్ ఆలోచించారు. 1958కల్లా విన్‌బ్లాస్టిన్ విడిగా చేతికొచ్చింది. ఆ రోజుల్లోనే ఎలీ లిల్లీ కంపెనీవాళ్ళు అదే మొక్క మీద పనిచేసి విన్‌క్రిస్టిన్ కూడా తీశారు. అమెరికాలో మొదటిదానికి 1961లో, రెండోదానికి 1963లో అనుమతి వచ్చింది.

"చూశారా, ఆకులోనే ఉందిగా!" అని మీ అతిథి ఇక్కడ అందుకుంటాడు. ఉంది. ఎంత ఉందో చూడండి. ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయాలంటే అర టన్ను నుంచి రెండు టన్నుల దాకా ఎండాకు కావాలని అంచనాలున్నాయి. విన్‌క్రిస్టిన్ ఇంకా తక్కువ. పెద్దవాళ్ళకు విన్‌క్రిస్టిన్ ఒక విడతకు మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వం. ఆ లెక్కన ఒక్క విడత మందుకే కిలోల కొద్దీ ఎండాకు కావాలి. పోనీ అంతా కాచి తాగారనుకుందాం. ఈ మందు పేగుల్లోంచి రక్తంలోకి సరిగా ఎక్కదు, ఎక్కినా ఎవరికెంత ఎక్కుతుందో చెప్పలేం. అందుకే నరంలోకి ఇస్తాం. ఇది చాలదన్నట్టు ఆ ఆకులో వందకు పైగా ఆల్కలాయిడ్లు ఉన్నాయి. మాకు కావలసింది వాటిలో ఒకటో రెండో. మిగతావన్నీ కషాయంలో ఊరికే కూర్చోవు, బీపీని పడగొట్టేవి కూడా ఉన్నాయందులో.

ఇంతకీ ఈ మందు చేసే పని ఏమిటి? కణం రెండుగా చీలే ముందు తన క్రోమోజోములను జంటలుగా తయారుచేసుకుని మధ్యన వరుసగా నిలబెడుతుంది. రెండు కొసల నుంచి సన్నటి పోగులు వచ్చి వాటిని చెరో వైపుకు లాగుతాయి. ట్యుబ్యులిన్ అనే ప్రోటీన్ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటూ పోతే ఆ పోగు తయారవుతుంది. విన్‌క్రిస్టిన్ ఆ ముక్కలను అతుక్కోనివ్వదు. పోగు లేదు కాబట్టి లాగేది లేదు. కణం సగం పనిలో ఆగిపోయి, చివరికి చచ్చిపోతుంది. పసిఫిక్ యూ అనే చెట్టు బెరడులో దొరికిన మరో కీమో మందు టాక్సాల్‌ది సరిగ్గా దీనికి ఎదురు దారి. పోగుల్ని ఊడనివ్వకుండా బిగదీసేస్తుంది. ఆ సంగతి 1979లో అమెరికాలో సూసన్ హార్విట్జ్ బయటపెట్టింది. ఒకటి పోగు పేననివ్వదు, ఇంకొకటి విప్పనివ్వదు. రెండింటికీ కణం ఆగిపోవడమే ఫలితం. మన పొలాల గట్ల మీద, అడవుల్లో ఎర్రటి మంటలా పూసే అగ్నిశిఖ దుంపలోని కొల్చిసిన్ కూడా ఈ జాతిదే. అది తిని చచ్చిపోయినవాళ్ళున్నారు. అదీ నూటికి నూరుపాళ్ళూ ప్రకృతి సహజమే!

ఆగిపోయేది క్యాన్సర్ కణం ఒక్కటే కాదు. జుట్టు కుదుళ్ళు, నోటి పొర, పేగు పొర, ఎముక మూలుగ వేగంగా పెరిగే చోట్లు కాబట్టి ఈ మందుల దెబ్బ వాటికీ తగులుతుంది. జుట్టు రాలడం, నోటిపూత, జ్వరాలు అందుకే. నరాలలోనూ ట్యుబ్యులిన్ పోగులుంటాయి. విన్‌క్రిస్టిన్ తీసుకునేవాళ్ళు మలబద్ధకమని, వేళ్ళు తిమ్మిర్లని చెబుతారు. "చొక్కా గుండీ పెట్టుకోవడం కుదరట్లేదు మేడమ్" అని ఒకాయన అన్నాడంటే అది చిన్న మాటగా తీసుకోం, డాక్టరుకు చెప్పి మోతాదు చూడమంటాం. ఇదే మందు పొరపాటున వెన్నులోకి వెళ్తే ప్రాణం దక్కడం చాలా అరుదు. అందుకే దాని మీద "నరంలోకి మాత్రమే, వేరే దారిలో ఇస్తే ప్రాణాంతకం" అని లేబుల్ ఉంటుంది. వెన్నులోకి ఇచ్చే సిరంజితో కలవకుండా, దీన్ని చిన్న సెలైన్ సంచిలో కలిపి డ్రిప్‌గా పంపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బిళ్ళగన్నేరు ఆకులోంచి వచ్చిన మందుకే ఇంత కాపలా. మీ కార్యక్రమంలో అదే ఆకును "సైడ్ ఎఫెక్టులు లేని మందు" అంటుంటే నాకు ఎలా ఉంటుందో ఊహించండి.

ఇక "కెమికల్" వైపుకు వద్దాం. ఫ్యాక్టరీలో పుట్టిన మందు కావాలంటే మెథోట్రెక్సేట్ ఉంది. దాని వంశం వెతుక్కుంటూ పోతే భీమవరం దగ్గర తేలతాం. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. ఆహారం ఒంటబట్టనివ్వక, రక్తాన్ని క్షీణింపజేసే జబ్బది. ఫోలిక్ ఆమ్లంతో అది తగ్గుతుందని తర్వాతి కాలంలో తేలింది. అమెరికాలో లెడర్లే కంపెనీ పరిశోధనకు నాయకత్వం వహించిన సుబ్బారావు బృందమే 1945లో ఆ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. ఆకుకూరల్లో ఉండే విటమిన్ అది. కొత్త కణం పుట్టడానికి డీఎన్‌ఏ కావాలి, డీఎన్‌ఏకు ముడిసరుకు కావాలి, ఆ ముడిసరుకు తయారీకి ఫోలిక్ ఆమ్లం కావాలి.

అప్పుడు బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల పాథాలజిస్టు, ల్యుకీమియా ఉన్న పిల్లలకు ఈ ఫోలిక్ జాతి పదార్థాలు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా ఊపందుకున్నట్టు కనిపించింది. మీ కార్యక్రమాల్లో "క్యాన్సర్ రోగులకు బలాన్నిచ్చే సహజ విటమిన్లు" అని చెప్పేవాళ్ళు ఈ సంగతి ఒక్కసారి ఆగి ఆలోచించాలి. విటమిన్ క్యాన్సర్ కణానికీ బలమే. ఫార్బర్ దాన్ని తిరగేసి ఆలోచించాడు. విటమిన్‌లాగే కనబడి, విటమిన్ పని చేయకుండా దాని చోటు ఆక్రమించే పదార్థం కావాలన్నాడు. లెడర్లే నుంచి అమినోప్టెరిన్ వచ్చింది. ఫోలిక్ ఆమ్లం అణువులో ఒక మూల ఉన్న హైడ్రాక్సిల్ ముక్క తీసి అక్కడ అమినో ముక్క పెడితే అమినోప్టెరిన్ అవుతుంది. తేడా అంతే. తాళంలో దూరి తిరగకుండా ఇరుక్కుపోయే దొంగ తాళంచెవి లాంటిదది. కణంలోని ఎంజైము దాన్నే అసలుదనుకుని పట్టుకుని వదలదు, కొత్త డీఎన్‌ఏ తయారీ ఆగిపోతుంది.

1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రచురించాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది. కొన్నాళ్ళకే తిరగబెట్టింది, నిజమే. కాని అప్పటి దాకా ఆ జబ్బుకు వెనక్కి తగ్గడమనేదే లేదు. ఆ ఏడాది ఆగస్టులో సుబ్బారావు చనిపోయారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్ వాడి 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్‌లు గర్భసంబంధమైన కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ను పూర్తిగా నయం చేయగలమని చూపించారు. మందుతోనే నయమైన గట్టి కణితి అంటే అదే మొదటిది.

ఇప్పుడు చెప్పండి, మెథోట్రెక్సేట్ ప్రకృతా, కెమికలా? విటమిన్ నమూనా ప్రకృతిది, మార్చింది మనిషి. నాకైతే ఆ ప్రశ్నలోనే పస కనబడదు.

మా దగ్గర ల్యుకీమియా పిల్లవాడి చికిత్స కాగితం ఒకటి తీసి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. విన్‌క్రిస్టిన్ మడగాస్కర్ మొక్క నుంచి. డానోరుబిసిన్ మట్టిలో బతికే బాక్టీరియా నుంచి. అదీ, దాని చుట్టం డాక్సోరుబిసిన్ రంగుకు ఎర్రగా ఉంటాయి. ఎక్కించాక మూత్రం కూడా ఎర్రగా వస్తే తల్లులు హడలిపోతారు, ముందే చెప్పి పెట్టాలి. ఆస్పరాజినేజ్ మన పేగుల్లోనూ ఉండే ఇ.కోలై జాతి నుంచి. మెథోట్రెక్సేట్, మెర్కాప్టోప్యూరిన్ మనిషి తిరగరాసిన అణువులు. సైక్లోఫాస్ఫమైడ్ మొదటి ప్రపంచ యుద్ధంలో వాడిన మస్టర్డ్ గ్యాస్‌కు దూరపు బంధువు. కథ మొత్తంలో అచ్చంగా మనిషి చేతి విషం అదొక్కటే, అదీ ప్రాణాలు నిలబెడుతోంది. ఇన్ని ఊళ్ళ నుంచి వచ్చినవన్నీ ఒకే కాగితం మీద, రోజు లెక్కన, ఒంటి వైశాల్యం లెక్కన, రక్తపరీక్ష ఫలితాన్ని బట్టి నడుస్తాయి. సంపన్న దేశాల్లో ఈ చికిత్స అందిన పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమంది బతుకుతున్నారు.

ఆకుల్ని ఎవరూ పరీక్షించలేదనీ, కంపెనీలు తొక్కిపెట్టాయనీ మీ అతిథులు అంటుంటారు. ఈ మాట వింటే నాకు కొంచెం కోపం వస్తుంది. 1960 నుంచి 1982 వరకు అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ సుమారు 35,000 మొక్కల నమూనాల నుంచి తీసిన 1,14,000 సారాలను పరీక్షించింది. ఆ మహాయజ్ఞంలోంచి నిలబడి ఆసుపత్రి దాకా వచ్చిన ముఖ్యమైన మందులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. టాక్సాల్ సంగతే చూస్తే, 1962 ఆగస్టులో ఆర్థర్ బార్క్లే అనే వృక్షశాస్త్రజ్ఞుడు వాషింగ్టన్ రాష్ట్రపు అడవిలో యూ చెట్టు బెరడు సేకరించాడు. మన్రో వాల్, మహారాష్ట్ర నందుర్బార్‌లో పుట్టిన మన్సుఖ్ వానీ అందులోని మందు నిర్మాణాన్ని 1971లో ప్రచురించారు. అనుమతి వచ్చింది 1992లో. బెరడు నుంచి సీసా దాకా 30 ఏళ్ళు. గాజుపళ్ళెంలో క్యాన్సర్ కణాల్ని ఆపే పదార్థాలకు కరువేమీ లేదు. మనిషిని ఉంచి కణాన్ని ఆపేవే దొరకవు.

లక్ష్మణఫలం ఆకుల విషయంలో మీకు ఇంకొంచెం బాధ్యత ఉంది. ఎండబెట్టిన ఆ ఆకుల్ని మీ వీడియోల కింద ఉన్న లింకుల్లోనే అమ్ముతున్నారు కాబట్టి. ఆ చెట్టులోని ఎసిటోజెనిన్లు కణాల శక్తి తయారీని ఆపేస్తాయి, గాజుపళ్ళెంలో క్యాన్సర్ కణాలు చస్తాయి, అది నిజం. మెదడు కణాలకూ శక్తి కావాలి. గ్వాడెలూప్ దీవిలో ఈ పండు, ఆకుల కషాయం ఎక్కువగా వాడేవాళ్ళలో మామూలు మందులకు లొంగని ఒక రకం పార్కిన్సన్ జబ్బు కనబడుతోందని, సంబంధం ఉండవచ్చని ఫ్రెంచి వైద్యులు 1999లో లాన్సెట్ పత్రికలో రాశారు. పండు ఎప్పుడో ఒకటి తింటే ఏమీ కాదు. రోజూ మూడు పూటలా కషాయం తాగమనేవాళ్ళు ఈ సంగతి చెప్పాలి. ఆప్రికాట్ గింజల లేట్రిల్ కథ మరీ స్పష్టం. 1982లో అమెరికాలో 178 మంది రోగుల మీద పరీక్షించి ఫలితాలు వేశారు. ఎవరికీ నయం కాలేదు, కొందరి రక్తంలో సయనైడ్ ప్రమాదకర స్థాయి దగ్గరికి చేరింది. పసుపు గురించి ఒక్క మాట. కూరలో వేసుకోండి. దానిలోని కర్కుమిన్ పేగు దాటి రక్తంలోకి చేరేది నామమాత్రం.

ఆకు నమ్మి అసలు వైద్యం మానేసినవాళ్ళ గతేమిటో కూడా లెక్క తీశారు. యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో వేసిన పరిశీలనలో, నయం కాగల క్యాన్సర్ ఉండి ప్రత్యామ్నాయ వైద్యం ఒక్కటే ఎంచుకున్న 281 మందిని చూశారు. మామూలు చికిత్స తీసుకున్నవాళ్ళకంటే వీళ్ళకు చావు ప్రమాదం రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో అయిదు రెట్లు పైగా. రొమ్ములో గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడు వచ్చి, కషాయం తాగి చూస్తామని వెళ్ళి, పుండై చీము కారుతుంటే తిరిగొచ్చిన ఆడవాళ్ళు మాకు కొత్త కాదు. వాళ్ళను అప్పుడు ఎందుకు వెళ్ళారని అడగబుద్ధి కాదు.

మీ వైపు జనం ఎందుకు వస్తున్నారో నాకు తెలియదనుకోకండి. ఓపీలో డాక్టరుకు ఒక్కో మనిషితో మాట్లాడడానికి రెండు నిమిషాలు చిక్కితే గొప్ప. కీమో అంటే ఏమిటో, ఎందుకు వాంతులవుతాయో, జుట్టు మళ్ళీ వస్తుందో రాదో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. మీ వీడియోలో ఒకాయన నెమ్మదిగా, తెలుగులో, నవ్వుతూ అరగంట చెబుతాడు. ఎవరి మాట వింటారు మరి? మీ వ్యాపారం నడుస్తున్నది మా నోరు మూగబోయిన చోటే. ఖర్చు భయమూ ఉంది, మందు నిజంగానే పీల్చి పిప్పి చేస్తుందన్న భయమూ ఉంది. రెండూ ఉత్తుత్తి భయాలు కావు.

చట్టం గుర్తుచేయడం నాకిష్టం లేదు కాని, ఉందని తెలియాలి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం క్యాన్సర్‌ను నయం చేస్తామని మందుకు ప్రకటన ఇవ్వడమే నేరం. ఆ ప్రకటన ఆరోగ్య కార్యక్రమం వేషం వేసుకుని వచ్చిందని జనానికి తెలియదు, మీకు తెలుసు. గంటకు ఇంతని స్లాటు అమ్మి, మూలన కనబడీ కనబడని అక్షరాల్లో "ఈ కార్యక్రమానికి చానెల్ బాధ్యత వహించదు" అని వేస్తే బాధ్యత పోదు.

మీ అతిథి ఈసారి ఒక ఆకు పట్టుకుని వస్తే ఎంత ఇవ్వాలి, ఎన్ని రోజులు, ఏ క్యాన్సర్‌కు, ఏ రక్తపరీక్ష చూసి ఆపాలి అని మీ యాంకరమ్మ చేత అడిగించండి. మేము రోజూ ప్రతి సీసాకూ జవాబు రాసే ప్రశ్నలే ఇవి. జవాబు లేకపోతే ఆ భాగం కత్తిరించండి. పాత వీడియోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, మా కౌంటరు దగ్గరకు వచ్చేవి ఎక్కువగా అవే. ముందు వాటిని తీసేయండి.

ఆ ఖాళీలో ఏం వేయాలంటారా? మెథోట్రెక్సేట్ గురించి పది నిమిషాలు వేయండి. క్యాన్సర్‌కే కాదు, చిన్న మోతాదులో కీళ్ళవాతానికి, సొరియాసిస్‌కు మన ఊళ్ళలో ఎంతోమంది మింగుతున్న మాత్ర అది. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసే మాత్రలకు అలవాటుపడ్డ ముసలివాళ్ళు దీన్నీ రోజూ మింగితే మొదట నోరు పూస్తుంది, తర్వాత రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదకొస్తుంది. ఏ రోజు వేసుకోవాలో షీటు మీద పెన్నుతో "ఆదివారం" అనో "గురువారం" అనో రాసి ఇమ్మని మందుల షాపువాణ్ణి అడగమనండి. ఆ చీటీలోనే వేరే రోజు వేసుకోమని ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా ఉంటుంది. సుబ్బారావు బృందం తయారుచేసిన విటమిన్, దాన్ని అడ్డుకోవడానికి పుట్టిన మందు, రెండూ ఒకే చీటీ మీద. మందు పట్టు మరీ బిగుసుకోకుండా విటమిన్ కాస్త వెనక్కి లాగుతుంది. భీమవరం వైపు మీ ప్రేక్షకులకు ఇది తెలిస్తే సంబరపడతారు కూడా.

ప్రశ్నలు నేను రాసిస్తాను. మీ స్టూడియోకు రమ్మన్నా వస్తాను, సాయంత్రం డ్యూటీ దిగాక అయితే కుదురుతుంది.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు